వేసవిలో క్యాంపర్‌వ్యాన్ ప్రయాణం: కుక్కకు ఎండ తగలకుండా చూసుకోవడం ఎలా

బయల్దేరడానికి వారం ముందే ఒక పని చేయండి. మిట్టమధ్యాహ్నం మీ క్యాంపర్‌వ్యాన్‌ను, అంటే పడక, వంట సదుపాయం ఉన్న వ్యాన్‌ను, ఓ గంట రోడ్డు మీద నడిపి తీసుకొచ్చి ఆపండి. తలుపులు తెరిచే ఉంచి, మీ కుక్క ఎక్కడ పడుకుంటుందో సరిగ్గా అక్కడే, నేల మీదే, మీరు పది నిమిషాలు పడుకోండి. డ్రైవర్ సీట్లో కూర్చున్నప్పుడు తెలియని సంగతులు చాలా తెలుస్తాయి. ముందు ఏసీ గాలి వెనకదాకా రావడం లేదని తెలుస్తుంది. ఇంజిన్ వేడి, గేర్‌బాక్స్ వేడి నేలలోంచి వీపుకు తగులుతాయి. కిటికీలన్నీ మనం కూర్చునే ఎత్తులో ఉన్నాయని, కింద గాలి కదలడమే లేదని అర్థమవుతుంది.

మా కుక్క మొదటి ప్రయాణంలో తనకోసం వేసిన మెత్తటి పరుపు మీద నిమిషం కూడా ఉండలేదు. లేచి వెళ్లి తలుపు దగ్గరి మెట్టు మీద ఇరుక్కుని పడుకునేది. మొండికేస్తోందనుకుని మళ్లీ మళ్లీ తీసుకొచ్చి పరుపు మీదే పడుకోబెట్టేవాళ్లం. రెండో రోజు నేనే ఆ పరుపు మీద వాలితే సంగతి తెలిసింది. పక్కనే ఉన్న ఫ్రిజ్ తన వేడినంతా ఆ మూలకే ఊదుతోంది. పాపం, అది లేచి వెళ్లిపోతూ చెబుతూనే ఉంది, మాకే అర్థం కాలేదు. ఇప్పటికీ గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

అప్పట్నుంచి మేం పాటిస్తున్న పద్ధతి ఇది. ముందు ప్రయాణాన్ని కుక్క వేళలకు మార్చుకుంటాం, వస్తువుల సంగతి ఆ తర్వాతే. ఎప్పుడు కదలాలి, ఎక్కడ ఆగాలి, మధ్యాహ్నం ఏం చేయాలి అన్నవి కుదిరాక ఫ్యాన్లూ చాపలూ బాగా పనికొస్తాయి. అవి కుదరకపోతే ఎంత ఖరీదైన వస్తువు కొన్నా కుక్కకు ఉపశమనం ఉండదు.

కుక్క ఒంట్లో వేడి ఎలా తగ్గుతుంది

మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు చెమట గ్రంథులు ముఖ్యంగా పంజాల అడుగున మాత్రమే ఉంటాయి, వాటితో తగ్గే వేడి చాలా తక్కువ. అది ప్రధానంగా రొప్పడం మీదే ఆధారపడుతుంది. నాలుక, నోరు, ముక్కు లోపలి తడి ఆవిరైపోతూ ఒంట్లో వేడిని తీసుకెళ్తుంది. అందుకే ఉక్కపోత రోజులు కుక్కకు మరీ కష్టం. గాలిలో తేమ నిండుగా ఉంటే తడి ఆవిరవదు, ఎంత రొప్పినా ఒళ్లు చల్లబడదు. పైగా గట్టిగా రొప్పడానికి పనిచేసే కండరాలు కూడా కొంత వేడి పుట్టిస్తాయి. కాబట్టి వాతావరణ సూచన చూసేటప్పుడు ఉష్ణోగ్రత ఒక్కటే చూడకండి, తేమ శాతం కూడా చూడండి. 33 డిగ్రీల పొడి రోజు కంటే 29 డిగ్రీల ఉక్క రోజు కుక్కను ఎక్కువ ఇబ్బంది పెట్టొచ్చు.

కుక్క మామూలు శరీర ఉష్ణోగ్రత సుమారు 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. 41 దాటిందంటే వడదెబ్బ, ప్రాణం మీదికొచ్చినట్టే. మామూలు స్థితికీ ప్రమాదానికీ మధ్య రెండు డిగ్రీలే తేడా ఉందన్న మాట మనసులో పెట్టుకోండి.

వెంట తీసుకెళ్లాలా వద్దా

ఇది మనసుకు కష్టమైన ప్రశ్నే, అయినా ముందు దీన్నే తేల్చుకోవాలి. పగ్, బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు గాలి వెళ్లే దారే ఇరుకు. రొప్పితే వేడి తగ్గాల్సింది పోయి, ఊపిరి కోసమే పెనుగులాడాల్సి వస్తుంది. బాగా లావుగా ఉన్నవి, ముసలివి, కుక్కపిల్లలు, గుండె జబ్బో ఊపిరి జబ్బో ఉన్నవి కూడా వేడికి తట్టుకోలేవు. వయసు మీరిన ల్యాబ్రడార్ అరుపు బొంగురుపోయినా, ఊపిరి తీస్తుంటే గరగర శబ్దం వస్తున్నా ముందు వెట్‌కు (పశువైద్యుడికి) చూపించండి. స్వరపేటిక బలహీనపడితే అలా ఉంటుంది, ఎండలో అది చాలా ప్రమాదం.

ఇలాంటి కుక్కను నడివేసవిలో వేడి ప్రాంతానికి తీసుకెళ్లకపోవడమే మంచిది. ఇంట్లో చూసుకునే మనిషి దొరికితే దాన్ని చల్లగా ఇంట్లో ఉంచండి, లేదా ప్రయాణాన్నే వేసవి చివరికి జరపండి. మీతో రావాలనే దానికి ఉంటుంది, నిజమే. కానీ ఎక్కడికి వెళ్తున్నామో, అక్కడ ఎండ ఎంతుంటుందో దానికి తెలియదు కదా.

ఆరోగ్యంగా ఉన్న కుక్కకైనా వేడి అలవాటు కావడానికి రోజులు పడుతుంది. ఏసీ గదిలోంచి నేరుగా ఎండ ప్రాంతానికి తీసుకెళ్తే మొదటి వారం దాన్ని ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి.

దారి వేసుకునేటప్పుడు

ఎత్తుకు వెళ్లే కొద్దీ ప్రతి 1000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. వేసవిలో మీ చేతిలో ఉన్న అతి పెద్ద ఏసీ ఇదే. మైదానంలో 36 ఉంటే 1200 మీటర్ల ఎత్తులో 28 ప్రాంతంలో ఉండొచ్చు. అందుకే మేం మ్యాప్‌లో ఊర్ల పేర్ల కంటే ముందు ఎత్తులు చూసుకుంటాం. మైదానం దాటాల్సి వస్తే తెల్లవారుజామున దాటేస్తాం, మధ్యాహ్నానికి ఎత్తులో నీడన ఉండేలా చూసుకుంటాం.

రోజుకు ఎంత దూరం వెళ్లాలన్నది కూడా దీన్నిబట్టే తేలుతుంది. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి పది, పదిన్నరకల్లా ఆ రోజు మజిలీ చేరుకునేలా పెట్టుకోండి. దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఎండ నెత్తికెక్కేలోపు చేరేలా ఓ గంట అదనంగా ఉంచుకోండి. దారి పొడుగునా ఉన్న వెట్ క్లినిక్‌ల ఫోన్ నంబర్లు, రాత్రిపూట తెరిచి ఉండేవి ఏవో, ముందే రాసి డాష్‌బోర్డు మీద అంటించండి. సిగ్నల్ లేని చోట వెతుక్కునే అవస్థ ఉండదు.

వ్యాన్‌ను సిద్ధం చేయడం

మొదట కొనాల్సింది ఓ చిన్న థర్మామీటర్. దాన్ని కుక్క ముక్కు ఎత్తులో, ఎండ పడని చోట తగిలించండి. డాష్‌బోర్డు మీద కనిపించే అంకె బయటి ఉష్ణోగ్రతది, కుక్క పడుకున్న మూలకు దాంతో సంబంధం లేదు.

ఇక గాలి. వ్యాన్ పైకప్పుకు ఫ్యాన్ ఉంటే దాన్ని లోపలి గాలిని బయటికి తోసేలా తిప్పండి. వేడి గాలి పైకే చేరుతుంది కాబట్టి దానికి దారి పైనే ఉండాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, కిటికీలన్నీ బార్లా తెరవడం. ఫ్యాన్ పక్కనున్న కిటికీ తెరిచి ఉంటే గాలి అటు నుంచే వచ్చి అటే పోతుంది, కింద కుక్క దగ్గర ఆకు కూడా కదలదు. ఫ్యాన్‌కు దూరంగా, నీడ ఉన్న వైపు, వీలైనంత కిందికి ఉన్న కిటికీ ఒక్కటే తెరవండి. చల్లటి గాలి అటు నుంచి లోపలికొచ్చి, కుక్క మీదుగా వెళ్లి, పైనుంచి బయటపడుతుంది. ఓ పల్చటి కాగితం ముక్క పట్టుకుని చూస్తే గాలి ఎటు పోతోందో తెలిసిపోతుంది.

పైకప్పు ఫ్యాన్ లేకపోతే 12 వోల్టుల క్లిప్ ఫ్యాన్లు రెండు పెట్టుకోండి. వైర్లు కుక్క నోటికి అందకుండా చూడండి.

కరెంటు లెక్క కూడా వేసుకోవాలి. ఫ్యాన్ సుమారు రెండు ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే ఇరవై నాలుగు గంటలకు 48 ఆంపియర్-అవర్లు (బ్యాటరీలో పట్టే కరెంటును కొలిచే లెక్క) అవుతుంది. 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ దాన్ని సులువుగా మోస్తుంది, లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే సగానికి మించి వాడకూడదు కాబట్టి దానికి అదే హద్దు. అదే 1200 వాట్ల ఏసీని 12 వోల్టుల బ్యాటరీ మీద నడిపితే 100 ఆంపియర్లు లాగుతుంది, గంట కూడా రాదు. బయటి కరెంటు ఉన్న క్యాంపుసైట్‌లోనే ఏసీని నమ్ముకోవాలి. అక్కడైనా కరెంటు పోతే కుక్కను ఎక్కడికి తీసుకెళ్లాలో ముందే అనుకుని ఉండాలి.

అద్దాల సంగతి చూద్దాం. విండ్‌షీల్డ్‌కు వెండి రంగు తెర వేస్తారు కదా, అది లోపల వేయడం కంటే బయట వేయడం ఎంతో మేలు. లోపల వేస్తే ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది, వేడి తెరకూ అద్దానికీ మధ్య చేరి లోపలికి కారుతూ ఉంటుంది. బయట వేస్తే అద్దం దాకా రాకముందే ఆగిపోతుంది. పక్క కిటికీలకూ ఇదే మాట వర్తిస్తుంది.

కుక్క పడకను ఫ్రిజ్ గాలి వచ్చే చోటు నుంచి, ఇంజిన్ పక్క నుంచి దూరంగా మార్చండి. కాళ్లున్న నెట్ మంచం అయితే కింది నుంచి కూడా గాలి ఆడుతుంది, నేల వేడి తగలదు. పైనున్న మన పరుపు మీద పడుకోబెట్టకండి. వ్యాన్‌లో పైభాగమే ఎక్కువ వేడిగా ఉంటుంది.

రోడ్డు మీద

కుక్క బోనులో గానీ బెల్టుతో గానీ ఉండాలి. బోను అయితే నాలుగు వైపులా గాలి ఆడే ఊచలది తీసుకోండి, చుట్టూ సామాను పేర్చేసి గాలి మూసేయకండి. మలుపు తిరిగినప్పుడల్లా ఎండ వైపు మారుతుంది. పొద్దున్న నీడలో ఉన్న మూలకు పదింటికి నేరుగా ఎండ కొట్టొచ్చు. పక్క సీట్లో ఉన్నవాళ్లు అప్పుడప్పుడూ వెనక్కి తిరిగి చూస్తూ ఉండాలి.

రెండు గంటలకోసారి ఆగండి. నీడలో దింపి, నీళ్లు పట్టి, కాసేపు అటూ ఇటూ తిప్పండి. బయల్దేరే ముందు కడుపు నిండా తిండి పెట్టకండి. వాంతి చేసుకుంటే ఒంట్లో నీరు పోతుంది, ఎండలో అది మంచిది కాదు.

కొన్ని కుక్కలు బండెక్కగానే టెన్షన్‌తో రొప్పుతాయి. అది వేడి వల్లా, భయం వల్లా అని తేల్చుకోవడం అలవాటు మీద వస్తుంది. భయంతో రొప్పే కుక్క చెవులు వెనక్కి పెట్టి, వణుకుతూ, చుట్టూ చూస్తూ ఉంటుంది. బండి ఆపి దింపగానే చాలావరకు సర్దుకుంటుంది. వేడికి రొప్పే కుక్క నాలుక బాగా బయటికి వేలాడుతుంది, కొస వెడల్పుగా పలకలా తయారవుతుంది. నీడలోకి తెచ్చినా రొప్పు ఓ పట్టాన తగ్గదు. అయితే భయంతో మొదలైన రొప్పు కూడా వేడి వ్యాన్‌లో వడదెబ్బదాకా వెళ్లగలదు. అందుకే ప్రయాణానికి నెల ముందు నుంచి చల్లపూట చిన్న చిన్న తిరుగుళ్లతో బండిని అలవాటు చేయండి. ఆగి ఉన్న వ్యాన్‌లో అన్నం పెట్టడం, నిద్రపుచ్చడం కూడా మంచి మార్గమే.

ఆగే చోటు ఎంచుకోవడం

పదింటికి మజిలీ చేరారు. ఓ చెట్టు కింద చక్కటి నీడ ఉంది. అక్కడే ఆపేయాలనిపిస్తుంది. కాసేపు ఆగి, పడమర ఎటో చూడండి. అసలు బాధపెట్టేది మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా పడమటి నుంచి ఏటవాలుగా కొట్టే ఎండ. పొద్దున నీడగా ఉన్న పడమటి పక్క అప్పటికి కొలిమిలా ఉంటుంది. చెట్టుకో గోడకో తూర్పు వైపున ఆపితే మధ్యాహ్నం గడిచేకొద్దీ నీడ మీ మీదికి జరుగుతుంది. విండ్‌షీల్డ్ పడమరకు తిరిగి ఉండకుండా చూసుకోండి. ఎండు కొమ్మలున్న చెట్టు కింద మాత్రం ఆపకండి.

ఇక్కడో చిక్కు ఉంది. ఫ్యాన్ తిరగడానికి సోలార్ ప్యానెల్‌కు ఎండ కావాలి, కుక్కకేమో నీడ కావాలి. ప్యానెల్ పైకప్పుకే బిగించి ఉంటే వ్యాన్‌ను ఎండలో నిలపక తప్పదు, ఆ ఎండను తరిమేందుకే ఆ కరెంటంతా ఖర్చవుతుంది. మడతపెట్టే ప్యానెల్ ఒకటి పొడవాటి కేబుల్‌తో తీసుకుంటే వ్యాన్ నీడలో, ప్యానెల్ ఎండలో ఉంటాయి. వేసవి ప్రయాణాలకు నేను చేసిన ఖర్చుల్లో ఇంతగా ఉపయోగపడింది ఇంకోటి లేదు.

వ్యాన్ పక్కన పరిచే గుడ్డ పందిరి (ఆనింగ్) దించి, దాని పక్కన కూడా ఓ గుడ్డ వేలాడదీయండి. పగటి వేళ ఎక్కువ భాగం కుక్క వ్యాన్ లోపల కంటే ఈ నీడలో, మీ కళ్లముందు ఉంటే హాయిగా ఉంటుంది. వ్యాన్ కింద నీడ ఉంది కదా అని అక్కడ పడుకోనివ్వకండి. ఇంజిన్, పైపులు గంటల తరబడి కాలుతూనే ఉంటాయి, ఎప్పుడైనా మరచిపోయి బండి కదిపితే ఘోరం జరుగుతుంది. వంట కూడా వీలైతే బయటే చేసుకోండి. లోపల స్టవ్ వెలిగిస్తే ఆ వేడి రాత్రిదాకా ఉంటుంది.

నీళ్లు

మామూలు రోజుల్లో కుక్కకు కిలో బరువుకు సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. ఇరవై కిలోల కుక్కకు లీటరు పైచిలుకు. ఎండలో ఇది రెట్టింపు కావచ్చు. తాగడానికి, ఒళ్లు తడపడానికి, అవసరానికి కలిపి మేం పది లీటర్ల క్యాన్ ఒకటి కుక్క కోసమే ఉంచుతాం. అందులో నీళ్లు వేరే దేనికీ వాడం.

కొత్తచోటి నీళ్ల వాసన తేడాగా ఉంటే కొన్ని కుక్కలు ముట్టవు. అలాంటప్పుడు దాని పొడి తిండిలోనే నీళ్లు కలిపి పెట్టండి. చల్లటి నీళ్లు, ఐసు ముక్కలు ఇవ్వొచ్చు. ఐసు నీళ్లు తాగితే కడుపు ఉబ్బి చచ్చిపోతుందని చెప్పుకునే మాటకు ఆధారం లేదు. నీళ్లు సరిపోతున్నాయో లేదో తెలియాలంటే చిగుళ్ల మీద వేలు పెట్టి చూడండి. తడిగా జారుతుంటే పర్వాలేదు, జిగటగా అంటుకుంటుంటే నీరు తగ్గినట్టు.

ఏరో చెరువో కనిపిస్తే కుక్కకు పండగే. దిగనివ్వండి కానీ గమనిస్తూ ఉండండి. నీటి మీద పచ్చటి రంగు పోసినట్టు తెట్టె ఉంటే దగ్గరికి కూడా పోనివ్వకండి. కొన్ని రకాల నాచు విషం కుక్కను గంటల్లో చంపగలదు. సముద్రపు నీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు అవుతాయి, ఎక్కువైతే ఉప్పే విషమవుతుంది. మంచినీళ్లలో కూడా బంతి విసిరి గంటల తరబడి ఈదిస్తే నోట్లోంచి లీటర్ల కొద్దీ నీళ్లు మింగేస్తుంది, రక్తంలో సోడియం పడిపోతుంది. తూలడం, వాంతులు, పొట్ట ఉబ్బడం కనిపిస్తే వెంటనే వెట్ దగ్గరికి వెళ్లాలి. పది నిమిషాలకోసారి బయటికి పిలిచి విశ్రాంతి ఇవ్వండి.

నడక, ఆట

కుక్కలకు వడదెబ్బ అనగానే మూసిన కారే గుర్తొస్తుంది. బ్రిటన్‌లో వెట్‌కంపాస్ (పశువైద్యశాలల రికార్డులను ఒకచోట చేర్చే ప్రాజెక్టు) రికార్డులతో చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో మరో సంగతి బయటపడింది. వేడి వల్ల జబ్బుపడిన కుక్కల్లో సుమారు నాలుగింట మూడొంతులు నడక, పరుగు, ఆట వల్లే పడ్డాయి. వాహనంలో వదిలేయడం వల్ల పడినవి దాదాపు 5 శాతం. కారులో వదలకూడదని ఇప్పుడు చాలామందికి తెలుసు. కానీ ఎండలో ట్రెకింగ్‌కు తీసుకెళ్లడం దానికి సరదా అనుకుంటాం. మీరు నడుస్తుంటే అది ఆగదు. ఒంట్లో బాగోలేకపోయినా మీ వెనకే వస్తుంది. ఆపాల్సింది మీరే.

నడక పొద్దున్నే ముగించేయండి. సాయంత్రం ఎండ పోయినా తారు రోడ్డు చాలాసేపు కాలుతూనే ఉంటుంది. గాలి 25 డిగ్రీలున్న ఎండ రోజున కూడా తారు 50 దాటొచ్చు. మీ అరచేతి వెనక భాగం రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. ఉంచలేకపోతే కుక్క పాదాలు కూడా తట్టుకోలేవు. ఇసుక, రాళ్లు, లోహపు మెట్లు కూడా అంతే.

తెల్ల కుక్కల ముక్కు, చెవి కొసలు, పొట్ట ఎండకు కమిలిపోతాయి. మనం రాసుకునే సన్‌స్క్రీన్ రాయకండి. అందులో జింక్ ఆక్సైడ్ ఉంటే నాకినప్పుడు విషమవుతుంది, కుక్కలకోసం చేసినదే వాడాలి. ఎండుగడ్డి గింజల ముళ్లు వేళ్ల సందుల్లో, చెవుల్లో దూరతాయి, నడక అయ్యాక ఓసారి వెతకండి. పేలు, గోమార్లు కూడా అప్పుడే తీసేయొచ్చు.

ఒత్తైన రెండు పొరల బొచ్చున్న కుక్కకు వేసవి కదా అని గుండు చేయించకండి. ఆ బొచ్చు చర్మానికి ఎండ తగలకుండా కాపాడుతుంది. లోపలి రాలే బొచ్చును రోజూ దువ్వి తీసేస్తే చాలు.

ఒంటరిగా వదిలే విషయం

2005లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఎండలో నిలిపిన కారులో ఉష్ణోగ్రత కొలిచి చూశారు. గంటలో లోపల సగటున 22 డిగ్రీలు పెరిగింది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. బయట ఎండ మరీ ఎక్కువ లేని రోజుల్లో కూడా అంతే. అద్దాలు కాస్త దించినా పెద్ద తేడా రాలేదు. క్యాంపర్‌వ్యాన్ పెద్దది, ఇన్సులేషన్ ఉంటుంది కాబట్టి కాస్త నెమ్మదిగా వేడెక్కుతుంది. కానీ ఒకసారి వేడి లోపలికి చేరాక అదే ఇన్సులేషన్ దాన్ని బయటికి పోనివ్వదు.

ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసి వెళ్లొద్దాం అనుకుంటారు కొందరు. ఇంజిన్ ఆగిపోవచ్చు, కంప్రెసర్ పాడవొచ్చు, కుక్క కాలు తగిలి తలుపు లాక్ పడొచ్చు. పొగ లోపలికి చేరితే ఇంకా ప్రమాదం. దయచేసి అలా చేయకండి.

ఫోన్‌కు అలారం పంపే ఉష్ణోగ్రత మానిటర్లు దొరుకుతాయి. మొబైల్ నెట్‌వర్క్ మీద పనిచేసేవి, కరెంటు పోయినా చెప్పేవి మంచివి. స్నానానికో కౌంటర్ దగ్గరికో వెళ్లొచ్చే నాలుగు నిమిషాలకు అవి ధైర్యమిస్తాయి. అలారం మోగాక మీరు వ్యాన్ దగ్గరికి రావడానికి ఇరవై నిమిషాలు పట్టేటట్టయితే మానిటర్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. కుక్కను రానివ్వని చోటు చూడాలనిపిస్తే ఇద్దరిలో ఒకరు నీడలో దాంతో ఉండండి, తర్వాత రెండోవారు వెళ్లండి. ఒక్కరే ప్రయాణిస్తుంటే ఆ పూటకు కుక్కను ఏదైనా మంచి డాగ్ బోర్డింగ్‌లో ఉంచండి, లేదా ఆ చోటును ఈసారికి వదిలేయండి.

చాపలు, జాకెట్లు

జెల్ చాప ఒంట్లో వేడిని కొంతసేపు పీల్చుకుంటుంది, తర్వాత అదే వెచ్చబడిపోతుంది. పక్కన మామూలు చల్లటి నేల కూడా ఉంచి, కుక్క లేచి మారే వీలివ్వాలి. కొరికే అలవాటున్న కుక్కకు ఇది వద్దు.

తడిపి తొడిగే జాకెట్ పొడి గాలిలో బాగా పనిచేస్తుంది. ఉక్కపోతలో పెద్దగా పనిచేయదు. ఆరిపోయాక ఒంటి మీదే వదిలేస్తే దుప్పటి కప్పినట్టవుతుంది కాబట్టి మళ్లీ తడపాలి, లేదా తీసేయాలి. ఇవేవీ లేకున్నా పొట్ట, తొడల లోపలి భాగం, పంజాలు నీళ్లతో తడిపి ఫ్యాన్ ముందు కూర్చోబెడితే చాలావరకు సరిపోతుంది.

రాత్రి

పగలంతా కాలిన రేకు రాత్రి పదింటిదాకా వేడిని వదులుతూనే ఉంటుంది. పొద్దుగూకగానే తలుపులన్నీ తెరిచి, ఫ్యాన్ పూర్తి వేగంతో తిప్పి, ఓ గంట వ్యాన్‌ను చల్లారనివ్వండి. ఆ తర్వాతే కుక్కను లోపలికి తీసుకెళ్లండి. దోమల నెట్‌ను నమ్ముకుని తలుపు తెరిచి పడుకుంటే కుక్క దాన్ని చీల్చుకుని పోగలదు. కొత్తచోట శబ్దాలకు ఉలిక్కిపడుతుంది కూడా. ఛాతీకి వేసే హార్నెస్‌తో కట్టి ఉంచండి, మెడకు ఫోన్ నంబర్ ఉన్న బిళ్ల తప్పకుండా ఉండాలి.

వడదెబ్బ తగిలిందనిపిస్తే

ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, ఎర్రబడిన చిగుళ్లు, తూలుతూ నడవడం, పిలిస్తే పలకకపోవడం, వాంతి, కూలబడిపోవడం. వీటిలో ఏది కనిపించినా వెట్ దగ్గరికి పరుగెత్తేముందు అక్కడే చల్లబరచడం మొదలుపెట్టాలి. బ్రిటన్‌లోని రాయల్ వెటరినరీ కాలేజీ వైద్యులు గట్టిగా చెప్పే మాట కూడా ఇదే: ముందు చల్లబరచండి, ఆ తర్వాత తరలించండి.

1. నీడలోకి తీసుకురండి. నడిపించకండి, ఎత్తుకోండి.

2. దగ్గరున్న నీళ్లు ఒళ్లంతా పోయండి. కుక్క ఒంటికంటే చల్లగా ఉంటే చాలు. గోరువెచ్చటి నీళ్లే పోయాలన్నది పాత మాట, దానికోసం వెతుకుతూ సమయం పోగొట్టుకోకండి. వయసులో ఉన్న ఆరోగ్యమైన కుక్క అయితే తల పైకి పట్టుకుని చల్లటి నీళ్లలో ముంచొచ్చు. ముసలిదో జబ్బు ఉన్నదో అయితే నీళ్లు పోస్తూ ఫ్యాన్ గాలి తగలనివ్వండి. నీళ్లు ముక్కులోకి, నోట్లోకి పోకుండా చూడండి.

3. తడి టవల్ కప్పి వదిలేయకండి. కాసేపటికి అది ఒంటి వేడికే వేడెక్కి, గాలి తగలనివ్వదు.

4. స్పృహలో ఉంటే నీళ్లు ముందు పెట్టండి. బలవంతంగా నోట్లో పోయకండి. మనుషుల జ్వరం మాత్రలు అస్సలు వద్దు. వడదెబ్బకు అవి పనిచేయవు, కుక్కకు విషం కూడా.

5. ఒకరు చల్లబరుస్తుంటే ఇంకొకరు డాష్‌బోర్డు మీది నంబర్‌కు ఫోన్ చేయండి. మలద్వారంలో పెట్టే డిజిటల్ థర్మామీటర్ ఉంటే చూస్తూ ఉండండి. 39.5 దగ్గరికి వచ్చాక నీళ్లు పోయడం ఆపండి, మరీ చల్లబడిపోయినా ప్రమాదమే.

6. ఏసీ వేసిన బండిలో, లేదా కిటికీలన్నీ తెరిచిన బండిలో తీసుకెళ్లండి.

అరగంటలో లేచి తోక ఊపినా సరే వెట్‌కు చూపించాల్సిందే. మూత్రపిండాలకు, కాలేయానికి జరిగిన నష్టం, రక్తం గడ్డకట్టడంలో తేడాలు ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడొచ్చు. వెట్ సరేనన్నాక కూడా ఆ ప్రయాణంలో ఇక పొడవాటి నడకలు పెట్టుకోకండి. అక్కణ్నుంచి దగ్గర్లో ఉన్న చల్లటి ఎత్తైన చోటు చూసుకుని, మిగిలిన రోజులన్నీ అక్కడే ఉండిపోండి. ఆ ఎండ ప్రాంతం గుండానే తిరిగి రావాల్సి ఉంటే రాత్రి బయల్దేరి తెల్లారేలోపు దాటేయండి.